వదినగారు వేసే మార్కులు

పోయిన ఆదివారం బాపట్లలో మా వదినగారింట్లో, భోజనాలకి ముందు, మా ఆనవాయితీ ప్రకారం మూడు గాజుగ్లాసుల్లో రెడ్ వైన్ పోసుకుని కూర్చున్నాం. వదినగారు ఎప్పటిలాగే కళ్లు మూసుకుని గ్లాసు ముక్కు దగ్గరికి తీసుకున్నారు. ఎప్పటిలాగే నేనూ, మా తోడికోడలూ ఆవిడ మొహంకేసి చూస్తూ ఉండిపోయాం, ఎందుకంటే ఆవిడ ఏదో ఒకటి అనేదాకా ఆ వైన్ ఎలా ఉందో మాకు తెలియదు. ఆవిడ చాలాసేపు అలాగే ఉండి, గ్లాసు తిప్పి మళ్లీ వాసన చూసి, ఒక గుక్క తాగి, గ్లాసు బల్ల మీద పెట్టేశారు. "ఏమీ తెలీటం లేదే పిల్లా. నీళ్లకి రంగేసినట్టుంది," అన్నారు. వానల్లో ఆవిడకి జ్వరం వచ్చి తగ్గిన సంగతి మాకు తెలుసు, ఆ తరవాత పోపు మాడినా తెలియడం లేదని ఫోనులో అంటే జలుబనుకున్నాం. జలుబు కాదట. డాక్టరు చూసి, వాసన తిరిగి రావచ్చు, రాకపోనూ వచ్చు, రోజూ లవంగం, నిమ్మతొక్క లాంటివి ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తూ ఉండమన్నాడట. ఆ మాట చెప్పి వదినగారు కొంగుతో చేతులు తుడుచుకున్నారు, చేతులకి ఏమీ అంటకపోయినా.

మీలో చాలామందికి ఈపాటికి కనుబొమలు పైకి లేచి ఉంటాయి. అరవై దాటిన ముగ్గురు ఆడవాళ్లు, అందులోనూ తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో కాపురాలున్నవాళ్లు, నెలకోసారి ఒకరింట్లో చేరి రెడ్ వైన్ తాగి దానికి పదికి ఇన్నని మార్కులు వేయడమేమిటని. తాగడం అనే మాట కూడా పెద్దదే. మా ముగ్గురికీ కలిపి ఒక సీసా రెండు నెలలు వచ్చేది, మిగిలింది పాడైపోతుందని తెలిశాకే పాపం ఇరుగుపొరుగు పెద్దమనుషులకి పంచడం నేర్చుకున్నాం. మాకు కావలసింది మత్తు కాదు. ఇందులో ఏముంది, ఇలా ఎందుకుంది, పోయిన సీసాకీ దీనికీ తేడా ఎక్కడుంది అన్న ఆరా తప్ప మాకింకేమీ లేదు. ఆ ఆరా మాకు అంటించింది వదినగారు. ఆవిడ మావారి అక్కగారు. తోడికోడలు మా మరిది భార్య, రేపల్లెలో ఉంటుంది, పుట్టింటివాళ్లది చేపల వ్యాపారం. నేను తెనాలిలో హైస్కూల్లో సైన్సు పాఠాలు చెప్పి రిటైరయినదాన్ని, కాబట్టి ఈ మార్కుల పిచ్చి మాత్రం నాదే అని ఒప్పుకోవాలి.

దీనికంతటికీ మూలం నా మొదటి కాన్పు. మామూలుగా అయితే పుట్టింట్లో జరగాలి, కానీ మా అమ్మ కాలు విరిగి మంచంలో ఉండడంతో తెనాలిలో అత్తగారే పురుడు పోశారు. అప్పటి బాలింత పథ్యం మన తరం వాళ్లకి చెప్పక్కర్లేదు. పాత బియ్యం అన్నం, వెల్లుల్లి కారం, గొంతు మండిపోయే కాయం ముద్ద, చెవుల్లో దూది, తలకి గుడ్డ. వీటన్నిటితోపాటు మా వైపు కొన్ని ఇళ్లల్లో సాయంత్రం పూట చిన్న ఔన్సుగ్లాసుతో తియ్యటి టానిక్ వైన్ ఒకటి పోసేవారు, ఒంట్లో వేడి పుడుతుందని, రక్తం పడుతుందని. ఇప్పటి డాక్టర్లు వింటే కేకలేస్తారు. దగ్గు మందుకి చెల్లెల్లా ఉండేది అది. నాకు మాత్రం రోజంతటిలో నోటికి తగిలే తీపి అదొక్కటే కాబట్టి సాయంత్రం ఎప్పుడవుతుందా అని చూసేదాన్ని.

ఆ సీసా అయిపోయిన రోజుల్లో, విశాఖ ఓడరేవులో పనిచేసే మామగారి స్నేహితుడొకాయన బిడ్డని చూడడానికి వస్తూ, బాలింతకి వైన్ పోస్తున్నారని ఎవరో చెప్పగా, ఓడవాళ్ల దగ్గర సంపాదించిన అసలు సిసలు విదేశీ రెడ్ వైన్ ఒకటి పట్టుకొచ్చారు. దానికి మర మూత లేదు, బెండు బిరడా ఉంది. అది తీసే సాధనం ఇంట్లోనే కాదు, మా వీధిలోనే లేదు. మామగారు కాసేపు మేకుతో పెరికి విసుగెత్తి, చివరికి అట్లకాడ వెనకవైపుతో పొడిచి బిరడాని సీసాలోకే తోసేశారు. బెండు ముక్కలు తేలుతుంటే అత్తగారు నెయ్యి వడకట్టే పల్చటి గుడ్డతో దాన్ని చెంబులోకి వడకట్టి, తీర్థంలా అరచేతిలో రెండు చుక్కలు వేసుకుని నాలిక మీద పెట్టుకుని మొహం చిట్లించారు. తీపి లేదు సరికదా, పులుపూ వగరూ. పులిసిపోయిందని తేల్చేశారు. పారబోయడానికి మనసొప్పక, గుప్పెడు పటికబెల్లం వేసి, శొంఠిపొడి కలిపి, కుంపటి మీద పెట్టి కషాయం కాచబోయారు. ఏ దేశంలో ఏ తోటలో ఎవరు ఎంత శ్రద్ధగా చేసిన వైనో అది, తెనాలిలో శొంఠి కషాయం కాబోతూ ఉంది.

అప్పుడు అడ్డుపడ్డారు వదినగారు. పురిటి సాయానికి బాపట్ల నుంచి వచ్చి ఉన్నారు ఆవిడ. ఆవిడ ముక్కు సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. జాడీ మూత తీయకుండానే ఆవకాయ బూజు పట్టబోతోందని చెప్పేవారు. పాలవాడు ఏ గేదె పాలు ఏ గేదె పాలల్లో కలిపాడో చెబుతారని మావారు వేళాకోళం చేసేవారుగానీ, వాడు మాత్రం ఆవిడ ఉన్నన్నాళ్లూ ఒళ్లు దగ్గర పెట్టుకుని పోసేవాడు. ఆవిడ చెంబులోంచి కాస్త స్టీలు గ్లాసులోకి వంచుకుని, గోడకి ఆనుకుని కూర్చుని, వాసన చూస్తూ ఉండిపోయారు. అత్తగారు పటికబెల్లం పట్టుకుని నిలబడ్డారు. చివరికి వదినగారు తల ఎత్తి, "పాడవ్వలేదమ్మా. దీని తీరే ఇంత. తడిమట్టిలో పడి చిట్లిన నేరేడుపండు వాసన ఉంది ముందు. తాగాక వక్క నమిలినట్టు. ఆ వెనకాల ఇంకేదో ఉంది, అదేంటో అంతుపట్టటం లేదు," అన్నారు.

నేను మంచం మీద నుంచే చెయ్యి చాచాను. ఒక గుక్క తాగితే నాకు పులుపూ వగరూ తప్ప ఏమీ తెలియలేదు. ఆవిడ చెప్పిన మాట మనసులో పెట్టుకుని రెండో గుక్క తాగితే, నేరేడుపండు ఉంది! మట్టి ఉంది, వక్క ఉంది. లేనిది ఎక్కడి నుంచి వచ్చిందో, ఉన్నది ముందు ఎందుకు తెలియలేదో ఆ రోజంతా ఆలోచించాను. పరీక్ష పేపర్లు దిద్దే అలవాటు కొద్దీ పదికి ఎన్ని వేస్తారని వదినగారిని అడిగాను. ఆరు, అన్నారు. అత్తగారు మాత్రం పటికబెల్లం వేస్తే పదికి పది అని పంతంగా అన్నారు, బతికినన్నాళ్లూ ఆ మాట మీదే ఉన్నారు.

ఆ తరవాత మేం పడ్డ పాట్లు తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. మన ఊళ్లల్లో వైన్స్ అని పెద్ద బోర్డు ఉన్న కొట్లలో బ్రాందీ, విస్కీ, బీరు అన్నీ దొరుకుతాయి, వైన్ తప్ప. మావారికి తాగుడు అలవాటు లేదు, నా పోరు పడలేక ఆ కొట్టుకి వెళ్లి గొంతు తగ్గించి రెడ్ వైన్ ఉందా అని అడిగితే, కొట్టతను సంతోషంగా, "ఇంట్లో కాన్పయిందాండి? ఆడపిల్లాండి, మగపిల్లాడాండి?" అని అడిగాడట. మన వైపు అది అడిగేది బాలింతల కోసమే కదా. అప్పటికి మా రెండోవాడు కూడా బడికి వెళుతున్నాడు. మావారు ఏదో గొణిగి బయటపడ్డారుగానీ, మళ్లీ ఏడాది వెళితే మళ్లీ అదే ప్రశ్న. ఆ కొట్టతని లెక్కలో మాకు ఎంతమంది పిల్లలో మరి. మద్యనిషేధం ఉన్న కాలంలో మా మార్కులకి సెలవులిచ్చేశాం, ఎత్తేశాక హైదరాబాదు నుంచో బొంబాయి నుంచో ఎవరొస్తున్నా బతిమాలి తెప్పించుకునేవాళ్లం. తెనాలి నుంచి రేపల్లె బండిలో తోడికోడలింటికి సీసా తీసుకెళ్లాలంటే బుట్టలో అడుగున పెట్టి, పైన నిమ్మకాయలు పోసి, భట్టిప్రోలు దాటేదాకా ఆ బుట్ట ఒళ్లోంచి దించేదాన్ని కాదు.

తోడికోడలు మాతో చేరాక మా పరిశోధన కొత్తదారి పట్టింది. తనకి దేనితో ఏది తింటే ఏమవుతుందో తెలుసుకోవాలని తాపత్రయం. మొదటిసారే చేపల పులుసుతో కలిపి చూపించింది. నోట్లో ఇనపగరిటె నాకినట్టు అయ్యి ముగ్గురం ఒకేసారి మొహాలు వికారంగా పెట్టాం. అదే వేటమాంసం వేపుడుతో తాగితే వగరంతా మెత్తబడి, కూరా బాగుంది, వైనూ బాగుంది. గోంగూర ముందు ఏ వైనూ నిలవలేదు. నేను సైన్సు టీచర్ని కాబట్టి, వగరు అసలు రుచే కాదు, నాలిక మీద గరుకుగా తగిలే స్పర్శ అని పుస్తకాల్లో చదివి వాళ్లకి పాఠం చెప్పాను. ఉగాదిపచ్చడిలో ఏటేటా తింటున్నదాన్ని రుచి కాదనడానికి నువ్వెవరివే అని వదినగారు నన్ను కసిరారు. రెడ్ వైన్‌ని గది ఉష్ణోగ్రతలో తాగాలని ఎక్కడో చదివి, రోహిణీకార్తెలో తెనాలి గదిలో పెట్టుకు తాగి, వేడి చారు తాగినట్టయ్యి చెమటలు కక్కాం. ఏ దేశపు గదో అని అప్పుడు తట్టింది. ఫ్రిజ్‌లో పెడితే వాసన ముడుచుకుపోయింది. చివరికి వదినగారే, మంచినీళ్ల కుండ కింద పోసే తడి ఇసుకలో సీసా పాతిపెట్టి, మా ముగ్గురి ఇళ్లకీ సరిపోయే పద్ధతి కనిపెట్టారు.

ఇన్నేళ్లలో ఆవిడ ఏ వైన్‌కీ ఏడు దాటనివ్వలేదు. ఎందుకు దాటనివ్వరని అడిగితే, ఇంతకన్నా మంచిది ఎక్కడో ఉండే ఉంటుందిగా అనేవారు. ఒకదాన్ని తాళం వేసి ఉంచిన బీరువాలో పట్టుచీర అనేవారు, ఒకదాన్ని తడిసి ఆరిన గోనెసంచి అనేవారు, ఇంకోదాన్ని కొత్తగా సున్నం వేసిన గోడ అనేవారు. ఆవిడ అనగానే మాకు ఆ చీరా, ఆ గోడా గ్లాసులో కనిపించేవి. అవి మా ముక్కులే కనిపెట్టాయని మేం హాయిగా అనుకుంటూ వచ్చాం.

అందుకే పోయిన ఆదివారం ఆవిడ గ్లాసు పక్కన పెట్టేసినప్పుడు నేనూ నా గ్లాసు దించేశాను. "నన్ను వదిలేయండి. ఇకమీదట మీరిద్దరూ చూసుకోండి," అని ఆవిడ వంటింట్లోకి లేచి వెళ్లబోయారు. ఆవిడ లేకపోతే ఇంక ఈ ముచ్చటే లేదని నాకూ తెలుసు, తోడికోడలికీ తెలుసు. మేమిద్దరం అయితే రెండు గ్లాసులు తాగి, బాగుంది కదా అక్కా, బాగుందే, అనుకుని భోజనానికి కూర్చుంటాం. అంతకన్నా నన్ను భయపెట్టిందేమిటంటే, ఏది ముక్కు దగ్గరికి వచ్చినా ఇదేంటా అని ఆగి చూసే ఆ మనిషి, అన్నిటినీ చేత్తో తోసేసినట్టు మాట్లాడడం. ఏడుపొచ్చింది నాకు. ఏడుపొస్తే పాఠం చెప్పడం నా అలవాటు. కూర్చోబెట్టి ఆవిడ కళ్లు మూయించి, వంటింట్లోంచి ఇంగువ, కాఫీపొడి, కర్పూరం ఒక్కొక్కటే ముక్కు దగ్గర పెట్టాను. ఒక్కటీ తెలియలేదు ఆవిడకి. పసిపిల్లలా మొహం పెట్టి, ఇదేంటి, ఇదేంటి అని ఆవిడే నన్ను అడుగుతుంటే, పేర్లు చెబుతూ డబ్బాల మూతలు పెట్టేశాను.

తోడికోడలు అంతలో పెరట్లోకి వెళ్లి చెట్టు నుంచి జామపిందె ఒకటి తుంచుకొచ్చి, కడిగి, ఏమీ చెప్పకుండా ఆవిడ నోట్లో పెట్టింది. వదినగారు కొరికారు. నమిలారు. మొహం ఒక్కసారిగా ముడుచుకుంది. "జామపిందె! వగరు!" అన్నారు కళ్లు తెరిచి. ఎంత గట్టిగా అన్నారంటే వరండాలో పేపరు చదువుకుంటున్న వదినగారి భర్త, మా అన్నయ్యగారు, లోపలికి తొంగిచూశారు. వెంటనే నేను గ్లాసు ఆవిడ చేతికిచ్చాను. ఈసారి వాసన చూడకుండా తిన్నగా తాగి, నోట్లో అటూ ఇటూ తిప్పి, నాలిక అంగిలికి ఆనించి చూసుకున్నారు. వగరు ఉందన్నారు. పులుపు సరిపడా ఉందన్నారు. జామపిందెలా పట్టుకోదు, లేత అరటిపువ్వులా పట్టుకుని వదిలేస్తుంది, మంచి వగరే అన్నారు. తరవాత మా ఇద్దరికేసీ చూసి, "వాసన ఎలా ఉందో మీరు చెప్పండి," అన్నారు.

చెప్పడం అంత తేలిక కాదని అప్పుడే తెలిసింది. తోడికోడలు చాలాసేపు చూసి, నేరేడుపండండి వదినా అంది. ఏ నేరేడుపండు, అని అడిగారు ఆవిడ. చెట్టు కింద పడి చిట్లినదా, గిన్నెలో ఉప్పు వేసి మూత పెట్టి కుదిపినదా? రెండూ ఒకటే వాసనా? తోడికోడలు నాకేసి చూసింది, నేను గ్లాసులోకి చూశాను. మళ్లీ ముక్కు పెట్టాను. ఉప్పు వేసి కుదిపినదే అన్నాను. వెనకాల ఏముంది? పాత పుస్తకం ఉంది. పాతదంటే ఎంత పాతది, పురుగు పట్టిందా, అగరొత్తి పక్కన పెట్టిందా? అలా ఆవిడ అడుగుతుంటే, మేం తడుముకుంటూ చెబుతుంటే, ఎంతసేపు గడిచిందో తెలియదు. ఆవిడ ముక్కుతోనే ఇన్నేళ్లూ మేం కూడా తాగుతూ వచ్చామని నాకు అర్థమైంది. ఇప్పుడు మా ముక్కులతో ఆవిడ తాగాలి. మా తోడికోడలి కూతురు బెంగళూరు నుంచి తెచ్చిన సీసా అది. తల్లితోపాటే వచ్చి అక్కడే కూర్చున్న ఆ పిల్ల మా అవస్థ చూడలేక ఫోను సీసా మొహాన పెట్టి, ఎక్కడెక్కడివాళ్లో దానికి మార్కులకి బదులు ఎన్నెన్ని నక్షత్రాలిచ్చారో, అందులో ఏయే పళ్ల వాసనలున్నాయో గడగడా చదివేసింది. వదినగారు శ్రద్ధగా విని, వాళ్లు తిన్న పళ్లేవో నేను తినలేదమ్మా, నాకు అర్థం కావు అన్నారు.

చివరికి మార్కులెన్ని అని అడిగాను. ఆవిడ మిగిలిన గుక్క కూడా తాగేశారు. "ఆరు," అన్నారు. "మీరు సరిగ్గా చెప్పుంటే ఏడొచ్చేది. వచ్చే నెల రేపల్లెలో ఈ మాదిరిగా తడబడితే ఊరుకోను."

సాయంత్రం తెనాలి వచ్చే బండిలో కూర్చుని, పోయిన ఆ ఒక్క మార్కు గురించే ఆలోచించాను. కాలం ఎంత మారిందో చూడండి. గుట్టుగా నిమ్మకాయల కింద దాచుకుని తీసుకెళ్లిన సీసా ఇప్పుడు పిల్లలు బల్ల మీద పెట్టి, ఫోటో తీసి అందరికీ చూపిస్తున్నారు. కొట్లో ఎవరు కొన్నా కాన్పు సంగతి ఎవరూ అడగరు. లోపల ఏ వాసన ఉందో సీసా వెనకే అచ్చువేసి ఇస్తున్నారు. మంచిదే, నాకేం ఫిర్యాదు లేదు, ఆ పిల్లలు మాలా భయపడక్కర్లేదు. కానీ ఒక మనిషి కళ్లు మూసుకుని ఏం చెబుతుందోనని ఊపిరి బిగబట్టి చూసిన ఆ కాసేపు మాత్రం ఇప్పుడు ఎవరింట్లోనూ కనబడదు. మా ఇంట్లో కూడా అది మొన్నటితో అయిపోయింది, ఇక ఆవిడే మాకేసి చూస్తారు.

ఇవాళ పొద్దున కాఫీ డబ్బా మూత తీసి, పాలు పొంగుతున్నా చూసుకోకుండా అలాగే నిలబడిపోయాను. ఇన్నేళ్లుగా తీస్తున్న మూతే. ఆ వాసన కాఫీ వాసనే, ఇంకేమంటాం అనుకున్నాను ముందు. మళ్లీ చూశాను. కాలిన చెక్క ఉంది, కొంచెం బెల్లం ఉంది, అడుగున ఇంకేదో ఉంది, అదేంటో ఎంత చూసినా అంతుపట్టలేదు. మావారు వచ్చి స్టవ్ కట్టేసి, ఏం చేస్తున్నావని అడిగారు. వదినగారికి చెప్పాలండి, అన్నాను.